కొట్టుకున్న కుందేళ్ళను మళ్ళీ కలపాలా? వేరుగా ఉంచాలా?

నర్సింగ్ సూపరింటెండెంట్ కలం నుండి

మా డ్రెస్సింగ్ గదికి కాటు గాయాలతో వచ్చేవారిలో కుక్క కాటు వారే ఎక్కువ. ఆ తరువాత పిల్లి రక్కినవారు. అప్పుడప్పుడు, ముఖ్యంగా బడి సెలవులలో, కుందేలు కరిచిన పిల్లలు కూడా వస్తుంటారు. కుందేలు కూడా కరుస్తుందా అని పక్కన కూర్చున్న రోగులు ఆశ్చర్యపోతారు. అది ఊరికే కరవదు. రెండు కుందేళ్ళు కొట్టుకుంటున్నప్పుడు మధ్యలో చేయి పెట్టినవారిని కరుస్తుంది. ఎవరి చేయి అని చూసుకునే స్థితిలో అది ఉండదు.

కట్టు కట్టించుకుంటూ ఈ పిల్లలు తమ వేలు గురించి అడగరు. “సిస్టరు గారూ, అవి మళ్ళీ కలుస్తాయాండీ?” అని అడుగుతారు. పెద్దలు అడిగేది ఇంకొకటి. “వాటిని ఉంచమంటారా, ఎవరికైనా ఇచ్చేయమంటారా?” అని. ఈ రెండు ప్రశ్నలకూ డ్రెస్సింగ్ బల్ల దగ్గర నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేము. అందుకే ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాము. కుందేలుకు వైద్యం చేయవలసింది పశువైద్యులే. మేము రాసేది ఇంట్లో మీరు తీసుకోవలసిన నిర్ణయం గురించి, మీ పిల్లల చేతులు భద్రంగా ఉండడం గురించి.

అసలు ఎందుకు కొట్టుకుంటాయి?

పొలం గట్ల మీద సాయంత్రం పూట పరుగెత్తే బూడిదరంగు కుందేలు వేరు, మనం ఇళ్ళలో పెంచుకునే కుందేలు వేరు. పొలం కుందేలు బొరియ తవ్వదు, చాలావరకు ఒంటరిగానే తిరుగుతుంది. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. దానిని పట్టకూడదు, పెంచకూడదు. ఇళ్ళలో పెంచే తెల్ల కుందేళ్ళు, గోధుమరంగు కుందేళ్ళు ఐరోపా జాతివి. వీటి పూర్వీకులు నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా కాపురం ఉండేవి. అందువలన మన ఇంటి కుందేలుకు తోడు కావాలి. అయితే ఎవరిని తోడుగా ఒప్పుకోవాలో అదే నిర్ణయించుకుంటుంది.

వేల్స్ దేశంలో అడవి కుందేళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన ఆర్.ఎం. లాక్లీ 1964లో వాటి జీవితం గురించి ఒక పుస్తకం ప్రచురించారు. కుందేళ్ళ గుంపులో పెద్దరికం, చిన్నరికం ఉంటాయని, మంచి చోటు కోసం అవి పోట్లాడుకుంటాయని అందులో వివరించారు. ఆస్ట్రేలియాలో రోమన్ మైకిటోవిచ్ అనే శాస్త్రవేత్త 1950, 60 దశకాలలో కుందేలు గడ్డం కింద ఉండే గ్రంథుల మీద పరిశోధన చేశారు. ఆ గ్రంథుల వాసనతో కుందేలు తన హద్దులకు గుర్తు పెట్టుకుంటుంది. మీ ఇంటి కుందేలు మంచం కోడుకు, గుమ్మానికి, మేత గిన్నెకు గడ్డం రాస్తూ తిరగడం మీరు చూసే ఉంటారు. “ఇది నాది” అని చెప్పడం అది.

ఇంతకాలం కలిసి తిని, కలిసి పడుకున్నవి ఒక్కసారిగా ఎందుకు మారిపోయాయని చాలామంది అడుగుతారు. కారణం ఎక్కువసార్లు వయసు. చిన్న జాతులలో మూడున్నర, నాలుగు నెలలకు, మధ్య రకం జాతులలో 4 నుండి 6 నెలలకు ఈడు వస్తుంది. అప్పటినుండి ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములైనా, అక్కచెల్లెళ్ళైనా ఒకటే. రెండు మగవైతే కొట్లాట మరీ తీవ్రంగా ఉంటుంది. ఆడవాటికి కూడా కోపం తక్కువేమీ కాదు. ఆడ కుందేలు చూలు లేకుండానే చూలు వచ్చినట్లు ప్రవర్తించే సందర్భం ఒకటి ఉంది. సుమారు 16 నుండి 18 రోజులపాటు గూడు కట్టుకుంటుంది, తన ఒంటి బొచ్చు తానే పీక్కుంటుంది, దగ్గరకు వచ్చినవారిపై విరుచుకుపడుతుంది. ఇవి కాక ఇరుకు గూడు, ఒక్కటే మేత గిన్నె, ఎక్కడో నొప్పి, పశువుల ఆసుపత్రికి వెళ్ళివచ్చిన కుందేలు ఒంటిపై కొత్త వాసన, వీటిలో ఏదైనా కొట్లాటకు చాలు.

కొట్లాట మొదలైన క్షణంలో

కుందేళ్ళు కొట్టుకుంటే కోళ్ళలాగా చప్పుడు ఎక్కువ ఉండదు. రెండూ ఒకదాని తోక వెంట ఒకటి గిర్రున తిరుగుతాయి, బొచ్చు గుత్తులు గుత్తులుగా రాలుతుంది. చూసేవారికి ఆటలాగా కనబడుతుంది. అది ఆట కాదు. ఆ కొద్ది క్షణాలలోనే చెవి చీలవచ్చు, కంటికి దెబ్బ తగలవచ్చు, మగ కుందేలు వృషణాలకు గాయం కావచ్చు, పొట్ట కింద పలుచని చర్మం చిరిగిపోవచ్చు.

చేయి పెట్టవద్దు. పిల్లలను అసలు దగ్గరకు రానీయవద్దు. ప్రతి ఇంట్లో చేట ఉంటుంది కదా, దానిని రెండింటి మధ్యకు దించండి. చేట అందుబాటులో లేకపోతే అట్టముక్క, పీట, చీపురు ఏదైనా సరే. ఒకదాని మీద మందపాటి తువ్వాలు కప్పి, ఆ తువ్వాలుతో సహా ఎత్తి వేరే గదిలో పెట్టండి. చెవులు పట్టుకుని ఎత్తవద్దు. నడుము కిందా, వెనుక కాళ్ళ కిందా ఆసరా ఇచ్చి పట్టుకోండి. ఆసరా లేకపోతే అది గట్టిగా తన్నుకుని తన వెన్నెముక తానే విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది.

“ఒకసారి తేల్చుకోనీయండి, తరువాత అవే సర్దుకుంటాయి” అనే మాట మాకు తరచుగా వినబడుతుంది. గూటిలో ఓడిన కుందేలు పారిపోవడానికి చోటు ఉండదు. బయట గుంపులో అయితే అది దూరంగా పరుగెత్తి ప్రాణం కాపాడుకుంటుంది. మన గూటిలో నాలుగు వైపులా జాలీయే. కనుక తేల్చుకోవడమంటే ఒకటి తీవ్రంగా గాయపడడమో, చావడమో.

మనిషికి కాటు పడితే

గాయాన్ని వెంటనే కుళాయి నీటి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, కారం ఏదీ అద్దవద్దు. వాటిని వదిలించడానికే మాకు సగం సమయం పడుతుంది, పిల్లవాడికి నొప్పి రెట్టింపు అవుతుంది. శుభ్రమైన గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకురండి. ఇంతకుముందు టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో చెప్పండి.

రేబీస్ గురించి చాలామంది భయపడుతుంటారు. ఇంట్లో పెరిగిన కుందేలు, ఎలుక వంటి వాటి కాటుకు రేబీస్ టీకా అవసరం పడడం చాలా అరుదు. కాని ఆ కుందేలును ఈమధ్య కుక్క గానీ, ముంగిస గానీ కరిచి ఉంటే, లేదా కరిచినది పొలం కుందేలు అయితే, ఆ సంగతి దాచకుండా డాక్టరు గారికి చెప్పండి. టీకా అవసరమో కాదో వారు నిర్ణయిస్తారు. కుందేలు పళ్ళు సన్నగా, లోతుగా దిగుతాయి. పైకి చిన్న గాటే కనబడినా లోపల చీము పట్టవచ్చు. వేలు వాచినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయవద్దు. షుగరు ఉన్నవారు వాపు కోసం ఎదురుచూడకుండా అదే రోజు చూపించుకోవాలి.

కుందేలుకు గాయమైతే

బొచ్చు కింద గాయం కనబడదు. మెల్లగా బొచ్చు పాయలు తీసి ఒళ్ళంతా చూడండి. ముఖ్యంగా చెవులు, కళ్ళు, పొట్ట కింద, తోక దగ్గర. కనబడిన గాయాన్ని శుభ్రమైన ఉప్పునీటితో, అంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో రెండు చెంచాలకు కొంచెం తక్కువ ఉప్పు కలిపిన నీటితో, కడిగి పశువైద్యునికి చూపించండి. మన కోనసీమ తేమకు ఈగలు త్వరగా వాలతాయి. ఒక్క రోజు అశ్రద్ధ చేసినా గాయంలో పురుగులు పడతాయి. కాటు పడిన వారం, పది రోజులకు చర్మం కింద గడ్డ తేలడం కూడా మామూలే. కుందేలు చీము గట్టిగా ఉంటుంది, దానంతట అది కారిపోదు. కనుక రెండు వారాలపాటు రోజూ తడిమి చూడండి.

ఒక హెచ్చరిక ఇక్కడ గట్టిగా చెప్పాలి. పిల్లల కోసం తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్పు, ఆంపిసిలిన్ గుళికలు ఇంట్లో మిగిలి ఉన్నాయని కుందేలు నోట్లో పోయవద్దు. మనకు మేలు చేసే ఆ మందులు కుందేలు పేగులలోని మంచి సూక్ష్మజీవులను చంపి, ప్రాణం తీస్తాయి. కుందేలు 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసరమే. దెబ్బ చిన్నదే కదా అని కూర్చోవద్దు. కొట్లాట భయం వలన కూడా దాని పేగులు కదలడం ఆగిపోతుంది. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఒక ఇంటి సంగతి

కొత్తపేట వైపు నుండి ఒక కుటుంబం వేలికి కాటుతో పిల్లవాడిని తీసుకువచ్చింది. అన్నకూ చెల్లికీ చెరొకటి అని సంక్రాంతి ముందు రెండు తెల్ల కుందేలు పిల్లలను కొన్నారు. అమ్మినవారు రెండూ ఆడవే అన్నారు. అయిదో నెలలో ఒక తెల్లవారుజామున గూటి నిండా బొచ్చు, ఒకదాని చెవి చీలి ఉంది. వాటిని విడదీయబోయి పిల్లవాడు కాటు తిన్నాడు.

కట్టు కడుతుండగానే వారి మధ్య వాదన మొదలయింది. వారం తిరిగేసరికి అవే సర్దుకుంటాయని తండ్రి. పిల్లల చేతులకంటే కుందేళ్ళు ఎక్కువా, ఎవరికైనా ఇచ్చేద్దామని తల్లి. వేరు చేస్తే ఒక్కొక్కటి బెంగపెట్టుకుని చచ్చిపోతాయని చెల్లి కళ్ళనీళ్ళు. ఎవరికి వారు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్లు ఉన్నారు. వెంట వచ్చిన తాతగారు మాత్రం అంతా విని ఒక మాట అన్నారు. “మన దొడ్లో రెండు పుంజుల్ని ఒకే గంప కింద ఎప్పుడైనా మూశామేవిట్రా? చెరో గంప వేస్తే చచ్చిపోయాయా?”

తాతగారి మాటలో ఉన్న న్యాయం మాకు నచ్చింది. కాని కుందేలు కోడిపుంజు కాదు. దానికి తోడు కావాలన్న చెల్లి మాట కూడా నిజమే. ముందు పశువైద్యునికి చూపించి, ఆడవో మగవో తేల్చుకుని, అప్పుడు నిర్ణయించుకోమన్నాము. అలాగే తీసుకువెళ్ళారు. తీరా చూస్తే రెండూ మగవే. చిన్న కుందేలు పిల్లలలో ఈ పొరపాటు చాలా తరచుగా జరుగుతుంది.

తరువాత డ్రెస్సింగు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు వారి నిర్ణయం చెప్పారు. పిల్లవాడిది పదో తరగతి. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్ళేవారు. వారాల తరబడి దగ్గర కూర్చుని కుందేళ్ళను కలిపే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు. కనుక రెండు గూళ్ళు కట్టారు, పక్కపక్కనే, మధ్యలో జానెడు ఖాళీతో. మొదటి వారం రెండూ జాలీని పళ్ళతో కొరికాయట. నెల దాటాక మధ్యాహ్నం పూట రెండూ ఆ ఖాళీకి అటు ఒకటి, ఇటు ఒకటి చేరి పడుకుంటున్నాయని చెల్లి వచ్చి చెప్పింది. ఆ ఇంటికి అది సరైన నిర్ణయం. మీ ఇంటికి వేరొకటి సరిపోవచ్చు.

నిర్ణయానికి ముందు అయిదు ప్రశ్నలు

1. అవి ఆడవా, మగవా? అమ్మినవారి మాట మీద ఆధారపడకుండా పశువైద్యునితో చూపించండి. ఆపరేషన్ అయిన మగది, ఆపరేషన్ అయిన ఆడది కలవడం అన్నిటికంటే తేలిక. ఆపరేషన్ కాని రెండు మగవి కలవడం అన్నిటికంటే కష్టం. ఆపరేషన్ కాని ఆడ, మగ కలిస్తే కొట్లాట తగ్గవచ్చు గాని 31 రోజులకు పిల్లలు పుడతాయి. ఈనిన రోజే ఆడది మళ్ళీ చూలు కట్టగలదు. ఆరు నెలలలో మీ ఇంట్లో ఎన్ని కుందేళ్ళు ఉంటాయో లెక్క వేసుకోండి.

2. ఎంత గాయం అయింది? కొంచెం బొచ్చు రాలి, తరిమి వదిలేస్తే ఆశ ఎక్కువ. రక్తం వచ్చేలా, లోతుగా, పదేపదే కరిస్తే ఆశ తక్కువ. రెండుసార్లు తీవ్రంగా గాయపడిన జంటను మూడోసారి కలపాలని పట్టుపట్టవద్దు.

3. ఆపరేషన్ చేయించగలరా? మనుషులకు చేసే కు.ని. ఆపరేషన్ లాగా నాళం కట్టివేస్తే సరిపోదు. కోపం తగ్గాలంటే హార్మోన్లు తగ్గాలి, అందుకు మగదానికి వృషణాలు, ఆడదానికి అండాశయాలు తీసివేయాలి. తీసిన తరువాత కూడా హార్మోన్లు తగ్గడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. ఆ వారాలలో మగదాని వలన చూలు వచ్చే అవకాశం కూడా ఉంటుంది. వయసు మళ్ళిన ఆడ కుందేళ్ళకు గర్భసంచిలో క్యాన్సరు ఎక్కువగా వస్తుంది కనుక ఆపరేషన్ వలన ఆ మేలు కూడా ఉంది. అయితే కుందేలుకు మత్తు ఇవ్వడం కుక్కకు ఇచ్చినంత తేలిక కాదు. బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2008లో వెలువడింది. మత్తు ఇచ్చిన కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం చనిపోగా, కుందేళ్ళలో సుమారు 1.4 శాతం చనిపోయాయి. కనుక కుందేళ్ళకు ఆపరేషన్ చేసిన అనుభవం ఉన్న వైద్యుని దగ్గరకే వెళ్ళండి. ఇంకొక సంగతి. మా ఆసుపత్రిలో ఆపరేషన్ ముందు రోగిని ఖాళీ కడుపుతో ఉంచుతాము. కుందేలును అలా పస్తు ఉంచకూడదు. అది వాంతి చేసుకోలేదు, పస్తు ఉంటే దాని పేగులు నిలిచిపోతాయి.

4. దగ్గర కూర్చునేది ఎవరు? కలపడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రోజూ కొంతసేపు కళ్ళు తిప్పకుండా చూడగల పెద్దవారు ఇంట్లో ఉండాలి. ఈ పని పిల్లలకు అప్పగించకూడదు.

5. రెండు గూళ్ళకు చోటు ఉందా? కలపాలనుకున్నా, వేరుగా ఉంచాలనుకున్నా మొదట రెండు గూళ్ళు తప్పవు.

కలపాలనుకుంటే

ముందు గాయాలు పూర్తిగా మానాలి. ఆపరేషన్ చేయిస్తే పైన చెప్పిన 4 నుండి 6 వారాలు గడవాలి. ఈలోగా రెండు గూళ్ళనూ ఒకదానినొకటి చూసుకునేలా, కాని ముక్కులు తగలకుండా జానెడు దూరంలో పెట్టండి. జాలీకి జాలీ ఆనించి పెడితే సందులోంచి ముక్కును, పెదవిని కొరికేస్తాయి. మేత గిన్నెలను రెండు గూళ్ళలోనూ ఒకే పక్కకు, ఎదురెదురుగా ఉంచండి. పక్కవాసన వచ్చినప్పుడల్లా తిండి దొరుకుతుందని వాటికి అలవాటు కావాలి. రెండు రోజులకు ఒకసారి ఒకదాని పరుపు గడ్డి రెండోదానికి మార్చండి. తరువాత గూళ్ళనే మార్చండి. దీని వలన “ఇది నాది” అనే గీత కొంచెం కొంచెంగా చెరిగిపోతుంది. ఇలా రెండు నుండి నాలుగు వారాలు చేయండి.

ఆ తరువాత మొదటి కలయిక. ఇది రెండూ ఎన్నడూ అడుగుపెట్టని చోట జరగాలి. పక్కింటి వసారా, మేడ మీద గది, చుట్టూ అడ్డుకట్టిన అరుగు ఏదైనా సరే. నున్నటి గచ్చు మీద కాళ్ళు జారి భయపడతాయి, గోనె పట్టా పరవండి. ఒకే ద్వారం ఉన్న పెట్టెలు అక్కడ ఉంచవద్దు, లోపల చిక్కుకున్నది ఇక తప్పించుకోలేదు. గరిక, కొత్తిమీర అక్కడక్కడా చల్లండి. తెల్లవారుజామున గాని, చల్లబడ్డాక గాని పెట్టుకోండి. కుందేలుకు చెమట పట్టదు. 30 డిగ్రీలు దాటిన వేడి దానికి ప్రమాదం. మన రోహిణి కార్తెలో అయితే ఈ పని వాయిదా వేయడమే మంచిది.

మొదటి రోజు 5 నిమిషాలు చాలు. చేట, తువ్వాలు పక్కనే ఉంచుకోండి. చెవులు వెనక్కు అణిచి, తోక పైకెత్తి, ఒళ్ళు బిగబట్టి ఒకటి రెండోదాని వైపు చూస్తుంటే మధ్యలో చేట అడ్డం పెట్టండి. గిర్రున తిరగడం మొదలైతే ఇక ఆ రోజుకు ఆపేయండి. ఒకటి రెండోదాని వీపు మీదకు ఎక్కడం పెద్దరికం చూపడమే, కొద్ది క్షణాలు ఓర్చుకోవచ్చు. కాని తల వైపు ఎక్కితే వెంటనే దించండి, కింద ఉన్నది పొట్ట కింద కరిస్తే ఘోరమైన గాయం అవుతుంది.

ఒకదానినొకటి పట్టించుకోకుండా ఎవరి గడ్డి అవి తింటుంటే అది మంచి సూచన. పక్కన పడుకోవడం ఇంకా మంచిది. ఒకటి తల వంచితే రెండోది నుదురు నాకడం మొదలుపెట్టిందంటే సగం పని అయినట్లే. ప్రతిరోజూ బాగున్నప్పుడే ముగించండి. కొట్లాట వచ్చేదాకా కూర్చోవద్దు. రోజుకు కొన్ని నిమిషాలు పెంచుతూ పోండి. చివరకు మీ కళ్ళముందు ఒకటి రెండు రోజులపాటు తరుముకోకుండా కలిసి ఉన్న తరువాతే రాత్రి పూట కలిపి వదలండి. అప్పుడు కూడా పాత గూటిలోకి నేరుగా వదలవద్దు. గూటిని వినిగరు కలిపిన నీటితో కడిగి, ఎండబెట్టి, లోపలి సామాను మార్చి సర్దండి. గిన్నెలు రెండు, దాగే చోట్లు రెండు ఉండాలి.

కొందరు రెండింటినీ ఒకే బుట్టలో పెట్టి బండి మీద ఊరంతా తిప్పుతారు. భయంతో రెండూ దగ్గరకు చేరితే కలిసిపోయాయని అనుకుంటారు. అది స్నేహం కాదు, బెదురు. ఇంటికి రాగానే మళ్ళీ కొట్టుకోవచ్చు. అంత బెదురు కుందేలు కడుపుకు కూడా మంచిది కాదు.

వేరుగా ఉంచాలనుకుంటే

వేరుగా ఉంచడం ఓటమి కాదు. ఆపరేషన్ సౌకర్యం దగ్గరలో లేని మన పల్లెలలో చాలా ఇళ్ళకు ఇదే సరైన దారి. రెండు గూళ్ళూ పక్కపక్కనే జానెడు దూరంలో ఉంటే చూపు, వాసన, చప్పుడు అందుతాయి. పూర్తి ఒంటరితనం ఉండదు. రోజూ ఒకదాని తరువాత ఒకటిగా వసారాలో తిరగనివ్వండి. ఒకటి బయట ఉన్నప్పుడు రెండోదాని గూటి తలుపు గట్టిగా గడియ పెట్టి ఉందో లేదో చూసుకోండి. జాలీ నేల మీద పాదాలు పుండు పడతాయి, కనుక సగం చోటులో చెక్క గాని, చాప గాని పరవండి. దాని మేతలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. అరటిపండు ముక్కలు, అన్నం మెతుకులు ముద్దుగా పెట్టేవారు చాలామంది ఉన్నారు, అవి దాని కడుపుకు పడవు. తోడు లేని కుందేలుకు మనమే తోడు కనుక ఉదయం, సాయంత్రం కొంతసేపు దగ్గర కూర్చుని నుదురు నిమరండి.

లంక గ్రామాలలో ఉన్నవారికి ఒక మాట. 2022 జూలై వరదలలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు ఎంత తొందరగా ఇళ్ళు వదలవలసి వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ హడావుడిలో రెండు కుందేళ్ళనూ ఒకే బుట్టలో వేసుకుని పడవ ఎక్కితే బుట్టలోనే కొట్టుకుంటాయి. వానాకాలం ముందే గాలి ఆడే రెండు బుట్టలు వేరువేరుగా సిద్ధం చేసుకోండి.

ఇచ్చివేయాలనుకుంటే

ఇది కూడా తప్పు కాదు. ఇంట్లో పసిపిల్లలు ఉండి, రెండు గూళ్ళకు చోటు లేకపోతే ఒకదానిని మంచి ఇంటికి ఇవ్వడం మేలు. తీసుకునేవారికి కొట్లాట సంగతి దాచవద్దు. వారి ఇంట్లో ఉన్న మరొక కుందేలుతో నేరుగా కలపవద్దని చెప్పండి.

తోటలోనో, ఏటిగట్టు మీదనో వదిలేయడం మాత్రం వద్దు. గూటిలో పుట్టి పెరిగిన కుందేలుకు కుక్క, ముంగిస, కాకి అంటే ఏమిటో తెలియదు. ఎక్కువ రోజులు బతకదు. కాలం కలిసివచ్చి బతికితే అది ఇంకొక కష్టం. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి వేట వినోదం కోసం ఇంగ్లండు నుండి 24 కుందేళ్ళను ఆస్ట్రేలియాకు తెప్పించారు. వాటి సంతతి ఆ ఖండమంతా పాకి పంటలను, పచ్చికను తినివేసింది. నేటికీ ఆ దేశం వాటితో అవస్థ పడుతూనే ఉంది.

పిల్లలకు ఏమని చెప్పాలి?

కుందేళ్ళు కొట్టుకున్న ఇంట్లో పిల్లలు తాము సరిగా చూసుకోలేదేమోనని కుమిలిపోతారు. “నీ తప్పు కాదు, వాటికి వయసు వచ్చింది, ఒకదాని చోటు ఒకటి ఒప్పుకోవడం లేదు” అని చెప్పండి. వేరు చేస్తే శిక్ష వేసినట్లు కాదని, గాయపడకుండా కాపాడినట్లని వివరించండి. చేయదగిన పనులు వారికి అప్పగించండి. గరిక కోసుకురావడం, పరుపు గడ్డి మార్చడం, ఏ రోజు ఏది ఎంత తిన్నదో నోటుబుక్కులో రాయడం. పెద్దలు పక్కన లేకుండా రెండు గూళ్ళూ ఒకేసారి తెరవకూడదన్న ఒక్క నియమం గట్టిగా పెట్టండి.

ఏ నిర్ణయమైనా ఇంటిల్లిపాదీ కూర్చుని, కుందేళ్ళు మానాక, కోపాలు చల్లారాక తీసుకోండి. కొట్లాట జరిగిన రోజున చేయవలసినవి మూడే. రెండింటినీ వేరు చేయండి, కుందేలును పశువైద్యునికి చూపించండి, పిల్లవాడి చేతిని సబ్బుతో కడిగి మా దగ్గరకు తీసుకురండి. రాత్రి ఏ వేళ అయినా ఫరవాలేదు, చిన్న గాటే కదా అని తెల్లవారేదాకా ఆగవద్దు.